వదులుకోగలిగే డేటాబేస్‌నే ఎంచుకో

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన పట్టిక చూశాను. క్లిక్‌హౌస్, టైమ్‌స్కేల్, ఇన్‌ఫ్లక్స్, డ్రూయిడ్, పినో, క్వెస్ట్‌డీబీ, డక్‌డీబీ. ఏడు పేర్లు, ఒక్కోదాని పక్కన సెకనుకు ఎన్ని లక్షల వరసలు మింగుతుందో అంకెలు. ‘‘పెదనాయనా, వీటిలో ఏది తీసుకోమంటావు?’’ అని అడిగినావు. చెప్తాను, ఉత్తరం చివర్లో పేరు పెట్టే చెప్తాను. ఈలోపు ఆ అంకెల్ని కాస్త పక్కన పెట్టు. వాటిలో చాలావరకు ఆయా కంపెనీలు తమకు నచ్చిన డేటాతో, తమకు నచ్చిన ప్రశ్నలతో తీసుకున్నవి. టీఎస్‌బీఎస్ అని అందరూ చూపించే ఆ పోలిక పరీక్షను నిర్వహించేది టైమ్‌స్కేల్ వాళ్లే. దానికి మూలం అంతకుముందు ఇన్‌ఫ్లక్స్ వాళ్లు రాసుకున్నది. అబద్ధాలని అనను. నీ మీటర్ల గురించి అవి ఏమీ చెప్పవు, అంతే.

ఈ ఉత్తరం మీ నాయన కూడా చదువుతాడు. ఎక్కడన్నా అర్థం కాకపోతే రాత్రి ఫోన్ చేసి ప్రాణం తీస్తాడు. అందుకని నీకు తెలిసిన సంగతులు కూడా అక్కడక్కడా విడమరిచి రాస్తున్నా, విసుక్కోవద్దు.

ముందు లెక్క వేద్దాం. దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించాలని 2021లో కేంద్రం పథకం తెచ్చింది. మన దగ్గర వాటి మీద రాజకీయం ఎంత నడిచిందో నీకు తెలుసు, దాని జోలికి నేను పోను. మీ సంస్థ వంతుకు ఎన్ని మీటర్లు వస్తాయో ఇంకా తేలలేదన్నావు కాబట్టి లెక్క సుళువుగా ఉండేలా 10 లక్షలనుకుందాం. మన దేశంలో కరెంటు లావాదేవీలన్నీ 15 నిమిషాల బ్లాకుల మీద నడుస్తాయి. అంటే రోజుకు 96 బ్లాకులు. 10 లక్షల మీటర్లకు రోజుకు 9 కోట్ల 60 లక్షల వరసలు, ఏడాదికి 3,504 కోట్లు. మీ బాసు భయపడి పెద్ద క్లస్టరు కావాలన్నది ఈ అంకె చూసే కదా! అదే అంకెను రోజులోని 86,400 సెకన్లతో భాగించి చూడు. సెకనుకు 1,111 వరసలు. నువ్వు పంపిన ఏడింటిలో ఏదైనా ఈ బరువును ఒంటిచేత్తో మోస్తుంది.

నిల్వ సంగతీ అంతే. ఒక్కో వరసలో సమయానికి 8 బైట్లు, మీటరు నంబరుకు 4, వోల్టేజీ, ఆంపియర్లు, యూనిట్ల లాంటి ఎనిమిది కొలతలకు తలా 4. మొత్తం 44 బైట్లు. రోజుకు 4 జీబీ పైచిలుకు, ఏడాదికి సుమారు ఒకటిన్నర టీబీ. ఇది కుదించక ముందు. మామూలు డేటాబేస్ ఒక వరసలోని కొలతలన్నీ కలిపి ఒక చోట పెడుతుంది. విశ్లేషణ కోసం పుట్టినవి అలా చేయవు. వోల్టేజీలన్నీ ఒక చోట, యూనిట్లన్నీ ఇంకో చోట, నిలువుగా పేరుస్తాయి. ఒకే రకం అంకెలు పక్కపక్కన చేరితే ఒకదానికీ ఇంకొకదానికీ ఉన్న తేడా మాత్రం రాసుకుంటే సరిపోతుంది. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2015లో గొరిల్లా అనే పద్ధతిని ప్రచురించారు. సమయం, విలువ కలిపి 16 బైట్లు పట్టే చోట సగటున 1.37 బైట్లలో సరిపెట్టారు. అయితే అవి వాళ్ల సర్వర్ల కొలతలు, చాలాసేపు కదలకుండా ఉంటాయి. మన పల్లెల్లో వోల్టేజీ అంత బుద్ధిగా ఉండదు కాబట్టి ఆ అంకె మీద ఆశ పెట్టుకోవద్దు. ఐదో వంతుకు తగ్గినా ఏడాది డేటా 300 జీబీ. ఈ రోజుల్లో అది ఒక మంచి సర్వరులో ఒక మూలకు సరిపోతుంది. దాని పక్కన నకలు కోసం ఇంకొకటి పెట్టుకో. పదహారు మిషన్ల క్లస్టరు అన్న మాట ఈ లెక్క చూపించాక మీ బాసు మళ్లీ ఎత్తడు.

అసలు చిక్కు వేగంలో లేదు, డేటా వచ్చే తీరులో ఉంది. ఆ 1,111 అన్నది సగటు. మీటర్లు సగటుగా పంపవు. కుప్పం అడవి అంచు పల్లెల్లోనో తలకోన పక్కనో సిగ్నల్ పోయిందనుకో, మీటరు తనలోనే రాసుకుంటూ ఉంటుంది. మూడు రోజుల తర్వాత లైను కలిసిందంటే ఆ మూడు రోజులవీ ఒక్కసారి కుమ్మరిస్తుంది. పంపింది అందిందో లేదో తెలియక అదే మళ్లీ పంపుతుంది. మధ్యలో ఎవరో చేత్తో దిద్దిన రీడింగు వస్తుంది. అంటే ఆలస్యం, రెండుసార్లు రావడం, దిద్దుబాటు. డేటాబేస్‌ను ఈ మూడింటి దగ్గర పట్టి చూడాలి. పోలిక పరీక్షల్లో వీటి ఊసు దాదాపు ఉండదు.

ఇన్‌ఫ్లక్స్‌కు ఒకే మీటరు, ఒకే సమయం ఉన్న రీడింగు రెండోసారి వస్తే మొదటిదాని మీద రాసేస్తుంది, నోరు మెదపదు. బిల్లు తగాదా కోర్టుకు పోతే ‘పాత రీడింగు ఏది?’ అన్నప్పుడు నీ దగ్గర జవాబుండదు. క్లిక్‌హౌస్‌లో రీప్లేసింగ్ మెర్జ్‌ట్రీ అని ఒక రకం పట్టిక ఉంది. అది నకళ్లను తీసేస్తుంది కానీ తనకు వీలైనప్పుడు, వెనకాల ముక్కల్ని కలిపేటప్పుడు తీస్తుంది. అప్పటిదాకా రెండూ కనిపిస్తాయి. ఆ సంగతి తెలియని కుర్రోడు మొత్తం కూడితే ఒక ఫీడరు వాడకం రెట్టింపు వస్తుంది. ఇంకోటి, క్లిక్‌హౌస్‌కు ఒక్కో రీడింగు విడివిడిగా ఇస్తే ముక్కలు ఎక్కువైపోయాయని మొరాయిస్తుంది. వేలల్లో పోగేసి ఒక్కసారి పెట్టాలి. టైమ్‌స్కేల్ అడుగున ఉన్నది పోస్ట్‌గ్రెస్ కాబట్టి ‘ఉంటే దిద్దు, లేకపోతే చేర్చు’ అనేది సహజంగా జరుగుతుంది. అయితే కుదించి పక్కన పెట్టిన పాత ముక్కల్లో దిద్దాలంటే అదీ ఆయాసపడుతుంది. డ్రూయిడ్ కాలాన్ని ముక్కలుగా కోసి పెట్టుకుంటుంది. పాత ముక్కలో ఒక రీడింగు దిద్దాలన్నా ఆ కాలపు ముక్కనంతా మళ్లీ రాయాల్సిందే.

వీటిలో ఏది తీసుకున్నా నువ్వు చేయాల్సింది ఒకటుంది. ప్రతి వరసలో రెండు సమయాలు పెట్టు: మీటరు కొలిచిన సమయం, మన దగ్గరికి చేరిన సమయం. మీటర్ల గడియారాలు ముందుకూ వెనక్కూ జరుగుతాయి. చేరిన సమయం లేకపోతే ‘నిన్న సాయంత్రం రిపోర్టు తీసినప్పుడు ఈ అంకె ఎందుకు లేదు?’ అన్న ప్రశ్నకు జన్మలో జవాబు చెప్పలేవు. ఎనిమిది బైట్ల ఖర్చు, పెట్టేయ్.

సున్నాకూ ఖాళీకీ తేడా కూడా మొదటి రోజే తేల్చుకో. మోటారు ఆపి ఉంటే సున్నా. మీటరు పలకకపోతే ఖాళీ. ఖాళీలో సున్నా నింపితే ఆ రైతు ఆ రోజు నీళ్లు పెట్టలేదని నీ రిపోర్టు చెప్తుంది, ఆయనేమో తెల్లార్లూ మడిలోనే ఉంటాడు. ఖాళీల్ని ఖాళీలుగానే వరసలో చూపించే సౌకర్యం టైమ్‌స్కేల్‌లోనూ క్లిక్‌హౌస్‌లోనూ ఉంది, వాడటం మరవద్దు.

ఇక ప్రశ్నలు. డేటాబేస్ పేరు కంటే ముందు తేల్చాల్సింది అందులోని వరసలు ఏ క్రమంలో పేర్చాలన్నది. దీన్ని మీ నాయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే అడంగల్, వన్-బీ చాలు. ఊరి భూముల సంగతే రెండింట్లోనూ ఉంది. అడంగల్ సర్వే నంబర్ల వరసలో ఉంటుంది. ‘ఈ చేను ఎవరిది, ఏం పంట వేశారు?’ అంటే చప్పున దొరుకుతుంది. వన్-బీ ఖాతాల వరసలో ఉంటుంది. ‘ఈ మనిషికి యాడెక్కడ ఎంత భూమి ఉంది?’ అంటే ఒకే చోట కనిపిస్తుంది. అడంగల్ పట్టుకుని రెండో ప్రశ్న అడిగితే వీఆర్వో ఊరంతా తిరగేయాలి.

నీ దగ్గరా అంతే. మీటరు వారీగా, దాంట్లో సమయం వారీగా పేర్చినావనుకో, ‘ఈ ఇంటి ఏడాది వాడకం’ రెప్పపాటులో వస్తుంది. సమయం ముందు పెట్టి పేర్చితే ‘నిన్న సాయంత్రం 7 గంటలకు జిల్లా మొత్తం లోడు ఎంత?’ అన్నది చప్పున వస్తుంది. క్లిక్‌హౌస్ తన సూచికలో ప్రతి వరసనూ గుర్తు పెట్టుకోదు. మామూలుగా 8,192 వరసలకు ఒక గుర్తు పెడుతుంది. క్రమం సరిగా ఉంటే కావాల్సిన నాలుగు కట్టలు మాత్రం తీసి చదువుతుంది, తప్పితే అంతా చదవాల్సి వస్తుంది. క్రమం తప్పు పెట్టి డేటాబేస్ మీద విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను.

కాబట్టి ఆ ప్రశ్నలు అడిగే మనుషుల దగ్గరికి పోయి రాసుకో. ఏఈ అడిగేది: ట్రాన్స్‌ఫార్మరు మీటరు చూపించిన యూనిట్లలోంచి దాని కింది ఇళ్ల మొత్తం తీసేస్తే ఎంత తేడా? రైతు అడిగేది: పగటిపూట 9 గంటల కరెంటు అన్నారు, నిన్న మా బోరుకు ఎన్ని గంటలొచ్చింది, అందులో మోటారు కాలిపోయేంత తక్కువ వోల్టేజీ ఎంతసేపు ఉంది? అకౌంట్స్ వాళ్లు అడిగేది: రేటు మారిన తేదీకి ముందు ఎన్ని యూనిట్లు, తర్వాత ఎన్ని? వీటిలో ఒక్కటీ ఉత్త రీడింగుల పట్టిక నుంచే రాదు, చూశావా. ఏ మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉంది, ఆ రోజు రేటెంత అన్న వేరే పట్టికలతో కలపాలి. కాలిన ట్రాన్స్‌ఫార్మరును తీసుకుపోయి, లోడు పక్కదాని మీదకు మార్చడం ఎండాకాలంలో నిత్యం జరిగేదే. పాత తేదీకి పాత అనుబంధమే పట్టుకోవాలి. పట్టికల్ని కలపడం తెలియని డేటాబేస్ ఎంత వేగంగా మింగినా నీకు పనికిరాదు.

ఇప్పుడు కాలం గురించి. కాలం వరసగా పోయే డేటా కదా, కాలం దగ్గర ఎవరూ తప్పటడుగు వేయరనుకుంటాం. అందరూ అక్కడే పడతారు.

ఈ డేటాబేస్‌లన్నీ లోపల గ్రీనిచ్ కాలంతో లెక్క పెట్టుకుంటాయి. మనది దానికి ఐదున్నర గంటలు ముందు. ఆ ‘అర’ దగ్గరే తంటా. ఏమీ చెప్పకుండా ‘రోజువారీ మొత్తం కట్టి పెట్టు’ అంటే నీ రోజు తెల్లవారుజామున 5.30కి మొదలవుతుంది. ‘గంటవారీ’ అంటే ఇంకా అన్యాయం: 5.30 నుంచి 6.30, 6.30 నుంచి 7.30 అని కడుతుంది. 6 గంటలకు వ్యవసాయ ఫీడరుకు కరెంటు ఇచ్చారంటే ఆ గడిలో సగం చీకటి, సగం కరెంటు కలిసిపోతాయి. పడమటి దేశాల్లో రాసిన పాఠాల్లో ఈ సమస్య అంతగా కనిపించదు, వాళ్ల తేడాలు చాలావరకు నిండు గంటలు. క్లిక్‌హౌస్‌లోనూ టైమ్‌స్కేల్‌లోనూ ‘ఆసియా/కోల్‌కతా’ అని చెప్పే వీలుంది, కానీ ప్రతిచోటా మరవకుండా చెప్పాలి. నన్నడిగితే ముందే కట్టి పెట్టుకునే మొత్తాలను 15 నిమిషాలకో 30 నిమిషాలకో కట్టు. ఐదున్నర గంటలు ఆ రెండింటితోనూ నిండుగా భాగమవుతుంది. గంటలు, రోజులు వాటి మీద నుంచి తీసుకో.

దాని తర్వాత పంచాంగం. తిరుపతి టౌన్ ఫీడర్ల లోడు ‘పోయినేడు ఇదే రోజుతో పోల్చి చూపించు’ అని మీ బాసు మొదటి నెలలోనే అడుగుతాడు. మన ఊళ్లో ఏ రోజును ఏ రోజుతో పోలుస్తావు? 2023లో వైకుంఠ ఏకాదశి జనవరి 2న వచ్చింది, మళ్లీ డిసెంబరు 23న వచ్చింది. 2024లో అసలు రాలేదు. 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఒకటి. ఆంగ్ల సంవత్సరం పట్టుకుని పోల్చే గ్రాఫు ఒక ఏడు రెండు కొండలు, మరో ఏడు చదునునేల చూపిస్తుంది. అధిక మాసం వస్తే తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు. 2023లో సెప్టెంబరులో సాలకట్లవి, అక్టోబరులో నవరాత్రివి జరిగాయి. గంగజాతర, సంక్రాంతి, బడి సెలవులు, మామిడికాయల గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే నెలలు, ఇవన్నీ ఒక చిన్న పట్టికలో తేదీలతో రాసుకుని రీడింగులతో కలపాలి. మళ్లీ అదే మాట: కలపడం బాగా వచ్చిన డేటాబేస్ కావాలి.

పనిలో పనిగా ఒక మాట. నువ్వు పోయిన నెల ఉత్సాహంగా చెప్పినావే, దేవస్థానం రోజూ ప్రకటించే దర్శనాల సంఖ్య, తలనీలాలు, హుండీ ఆదాయం కూడా దీంట్లోనే పెడతానని. పెట్టు, కాదనను. కానీ అది రోజుకు ఒక్క వరస. వందేళ్లు పోగేసినా 36,500 చిల్లర. దానికి ఎక్సెల్ చాలు, అవ్వ లెక్కల పుస్తకమైనా చాలు. కాలం వరసలో ఉన్న ప్రతిదానికీ ప్రత్యేకంగా డేటాబేస్ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయానికి వస్తున్నా. దానికి నిన్ను గాదంకి తీసుకుపోవాలి.

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో టోల్‌గేటుతోనే చాలామందికి ఆ ఊరు తెలుసు. అక్కడ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మైదానంలో 1,024 యాంటెన్నాలు ఆకాశం వైపు చూస్తూ నిలబడి ఉంటాయి. వరసకు 32 చొప్పున 32 వరసలు. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పైకి తరంగాలు పంపి, గాలిలోని సన్నటి అలజడి నుంచి తిరిగొచ్చే మెల్లని ప్రతిధ్వనిని పడుతుంది ఆ ఎంఎస్‌టీ రాడార్. 1990ల మొదట్లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా మొదలైంది, 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలగా మారింది. అంతరిక్ష శాఖ కింద నడుస్తుంది. మన జిల్లాలో కాలం వరస డేటా అంటే ఏమిటో అందరికంటే ముందు తెలిసినవాళ్లు వాళ్లే. క్లిక్‌హౌస్ అప్పటికి పుట్టలేదు, ఇప్పుడున్న ఈ ఏడింటిలో ఒక్కటీ పుట్టలేదు.

ఆ రాడార్ దగ్గర డేటా అంచెలుగా ఉంటుంది. మొదట వచ్చేది ముడి సంకేతం. దాన్నుంచి ఒక్కో ఎత్తుకూ ఒక డాప్లర్ వర్ణపటం కడతారు. ఏ వేగంతో కదిలే గాలి నుంచి ఎంత ప్రతిధ్వని వచ్చిందో చూపే గీత అది. ఆ గీత నుంచి మూడు అంకెలు తీస్తారు: ఎంత బలం, ఏ వేగం, ఎంత వెడల్పు. చివరికి వాటి నుంచి గాలి దిశ, వేగం వస్తాయి. ఒక గీతలో వందల బిందువులు, చివర మిగిలేవి మూడు అంకెలు. డిస్కు ఖరీదుగా ఉన్న రోజుల్లో మూడు అంకెలు ఉంచుకుని గీతను పారేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది కదా?

ఇప్పుడు ఉరుములతో వాన కురుస్తున్న సాయంత్రాన్ని ఊహించుకో. ఆ తరంగదైర్ఘ్యంలో రాడార్‌కు గాలీ కనిపిస్తుంది, కింద పడుతున్న వానచుక్కలూ కనిపిస్తాయి. వర్ణపటంలో రెండు శిఖరాలు లేస్తాయి. ఒకటే శిఖరం ఉంటుందనుకుని రాసిన ప్రోగ్రాము రెండింట్లో పెద్దదాన్ని పట్టుకుని గాలి వేగం ఇదేనంటుంది, లేదా రెండింటికీ మధ్య ఎక్కడో చూపిస్తుంది. తర్వాతి కాలంలో రెండు శిఖరాల్ని విడదీసే పద్ధతులు వచ్చాయి. వర్ణపటం దాచి ఉంటే పాత తుపాను రోజుల్ని మళ్లీ లెక్కగట్టి గాలిని వేరుగా, వానచుక్కల పరిమాణాన్ని వేరుగా తీయొచ్చు. మూడు అంకెలే మిగిలి ఉంటే ఆ సాయంత్రం శాశ్వతంగా పోయినట్టే. ఇంకొకటి చూడు. వానాకాలంలో మన తలల మీద సుమారు 15, 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి ఒక బలమైన జెట్ గాలి వీస్తుంది. అది ఏళ్లు గడిచే కొద్దీ బలపడుతోందా, నీరసిస్తోందా అని అడగాలంటే దశాబ్దాల వరస కావాలి. ఆ కొలతలు మొదలైన రోజున ఆ ప్రశ్న ఎవరి పనిలోనూ లేదు.

నీ మీటర్లకు దీన్ని అన్వయించు. ఇప్పుడొచ్చే డేటాబేస్‌లు చాలావాటిలో ఒక తియ్యటి సౌకర్యం ఉంది: ‘90 రోజులు దాటిన ముడి రీడింగుల్ని తీసేసి, రోజువారీ మొత్తాలు ఉంచు’ అని ఒక్క లైను రాస్తే చాలు, అదే చేసుకుంటుంది. ఈ ఆలోచన కొత్తది కూడా కాదు. 1999 నాటి ఆర్‌ఆర్‌డీటూల్ పాతబడే కొద్దీ వివరాన్ని పలచబరుస్తూ ఫైలు సైజు పెరగకుండా చూసేది. సర్వర్ల కాపలాకు అది మంచిదే. మూడేళ్ల కింద ఒక మంగళవారం సీపీయూ ఎంత వేడెక్కిందో ఎవరికీ అక్కర్లేదు. మీటర్ల సంగతి వేరు. ఎల్లుండి సోలార్ పంపుసెట్లు వచ్చి, వాటి ముందూ తర్వాతా 15 నిమిషాల తీరు పోల్చమంటారు. రోజువారీ మొత్తం నుంచి ఆ తీరును ఏ దేవుడూ తిరిగి తీయలేడు. 300 జీబీ కోసమా ఇది?

కాబట్టి ముడి రీడింగుల్ని ఏ డేటాబేస్‌కూ అప్పగించకు. మీటరు నుంచి వచ్చినవి వచ్చినట్టు, రోజుకో సంచిగా, పార్కే ఫైళ్లలో రాసి చవక నిల్వలో పెట్టు. పార్కే ఎవరి సొత్తూ కాదు; క్లిక్‌హౌస్ చదువుతుంది, డక్‌డీబీ చదువుతుంది, ఇంకా పుట్టని డేటాబేస్ కూడా చదువుతుందని నమ్మొచ్చు. అప్పుడు నువ్వు ఎంచుకునే డేటాబేస్ కేవలం ఆ ఫైళ్ల మీద కట్టిన ఒక వేగవంతమైన నకలు అవుతుంది. అది చెడితే మళ్లీ కట్టుకుంటావు. అది నచ్చకపోతే మార్చుకుంటావు. ‘ఏది ఎంచుకోవాలి’ అన్న ప్రశ్నలో సగం బరువు అక్కడే దిగిపోతుంది.

దాచమన్నాను కదా అని పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు రీడింగుల పక్కనే దాచవద్దు. ఒక ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారో, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉందో 15 నిమిషాల రీడింగు చెప్పేస్తుంది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. మనుషుల వివరాలు వేరే పట్టికలో, వేరే తాళం కింద ఉండాలి.

ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుందని ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ కంపెనీల చరిత్ర చూడు. ఇన్‌ఫ్లక్స్ వాళ్లు ఫ్లక్స్ అని సొంత ప్రశ్నల భాష తయారు చేసి అందరినీ నేర్చుకోమన్నారు. నేర్చుకున్నారు, వేల లైన్లు రాసుకున్నారు. మూడో తరం వచ్చేసరికి ఇంజను మొత్తం కొత్తగా రాసి, ఫ్లక్స్‌ను పక్కన పెట్టి, ఎస్‌క్యూఎల్‌కు వచ్చారు. టైమ్‌స్కేల్ కంపెనీ 2025లో టైగర్‌డేటా అని పేరు మార్చుకుంది. దాంట్లో కుదింపు, ముందే కట్టి పెట్టే మొత్తాల లాంటి మంచి సౌకర్యాలు మామూలు అపాచీ లైసెన్సు కింద రావు, వాళ్ల సొంత లైసెన్సు కింద వస్తాయి. క్లిక్‌హౌస్ రష్యాలో యాండెక్స్ వాళ్ల వెబ్ గణాంకాల కోసం పుట్టి, 2016లో అందరికీ తెరుచుకుని, 2021లో విడి కంపెనీ అయింది. ఎవరినీ తప్పు పట్టడం లేదు, వ్యాపారం అన్నాక మార్పులుంటాయి. నువ్వు మాత్రం ప్రశ్నలన్నీ మామూలు ఎస్‌క్యూఎల్‌లో రాయించు, ముడి డేటా నీ చేతిలో ఉంచుకో.

ఇక పేరు చెప్తాను. ముందుగా కాదనేవి. డ్రూయిడ్, పినో రెండూ గొప్పవే. లింక్డిన్‌లో ‘మీ ప్రొఫైల్ ఎవరు చూశారు’ అన్నది పినో మీదే నడుస్తుంది. ఒకేసారి వేలమంది వచ్చి ఒకే రకం చిన్న ప్రశ్న అడిగే చోటికి అవి సరైనవి. నీ దగ్గర అడిగేది కొన్ని పదుల మంది ఇంజనీర్లు, వాళ్ల ప్రశ్నలు వంకర టింకరవి. పైగా వాటిలో ఒక్కోదానికి నాలుగైదు రకాల ప్రోగ్రాములు, జూకీపర్, ఇంకా బయటి నిల్వ, అన్నీ సరిగా నిలబడాలి. మీ జట్టులో ఉన్నది ముగ్గురు. అందులో ఒకడు ఎప్పుడూ సెలవులో ఉంటాడని నువ్వే చెప్పినావు. ఇన్‌ఫ్లక్స్‌ను సర్వర్ల కాపలాకు ఉంచుకో.

మీటర్లు లక్ష లోపు ఉంటే పోస్ట్‌గ్రెస్ మీద టైమ్‌స్కేల్ వేసుకుని హాయిగా ఉండు. రోజుకు 96 లక్షల వరసలు దానికి పెద్ద పని కాదు, అన్నీ ఒకే చోట ఉంటాయి, మీ కుర్రోళ్లకు పోస్ట్‌గ్రెస్ వచ్చు. 10 లక్షల దాకా పోతుందని నిజంగా అనుకుంటే రీడింగులు క్లిక్‌హౌస్‌లో, ఒక సర్వరు, దానికొక నకలు. వినియోగదారులు, ట్రాన్స్‌ఫార్మర్లు, రేట్లు, పంచాంగం పోస్ట్‌గ్రెస్‌లో ఉంచి, చిన్న పట్టికలు కాబట్టి రోజూ క్లిక్‌హౌస్‌లోకి నకలు పంపు. క్రమం మీటరు ముందు, సమయం తర్వాత. జిల్లా మొత్తాల కోసం 15 నిమిషాల ఫీడరు మొత్తాలు వేరే పట్టికలో కట్టించు. నా ఓటు దీనికే. క్వెస్ట్‌డీబీ చురుకైనదే, కానీ అర్ధరాత్రి ఇరుక్కుంటే తిరుపతిలో ఫోన్ చేసి అడగడానికి మనిషి దొరకడం కష్టం. క్లిక్‌హౌస్, పోస్ట్‌గ్రెస్ తెలిసినవాళ్లు బెంగళూరులో, చెన్నైలో బోలెడు మంది ఉన్నారు, కొన్ని గంటల దూరం.

నా మాట మీద కూడా ఊరికే నమ్మకం పెట్టుకోవద్దు. ఈ వారం నీ ల్యాప్‌టాప్‌లో డక్‌డీబీ పెట్టుకుని పార్కే ఫైళ్ల మీద ప్రశ్నలన్నీ ఒకసారి రాసి చూడు. ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో డబ్బు ఖర్చు లేకుండా తేలిపోతుంది. తర్వాత వారం రోజుల డేటా, అంటే 67 కోట్ల 20 లక్షల వరసలు, అద్దె మిషన్ మీద టైమ్‌స్కేల్, క్లిక్‌హౌస్ రెండింట్లోకీ ఎక్కించు. వేగం చూసుకున్నాక మూడు పనులు చెయ్యి. ఎక్కుతుండగా మధ్యలో మిషన్‌ను టక్కున ఆపేసి, లేపాక ఎన్ని వరసలు పోయాయో, ఎన్ని రెండుసార్లు వచ్చాయో లెక్కపెట్టు. ఒక మండలం డేటాను మూడు రోజులు ఆపి ఒక్కసారి వదులు, ముందే కట్టిన మొత్తాలు తమంతట తాము సరిదిద్దుకున్నాయో లేదో చూడు. అంతా చెరిపేసి పార్కే ఫైళ్ల నుంచి మళ్లీ నిలబెట్టు, ఎన్ని గంటలు పట్టిందో రాసుకో. ఈ మూడో పని నువ్వు చేయొద్దు, జట్టులోకి కొత్తగా వచ్చిన పిల్లోడితో చేయించు, నువ్వు పక్కన కూర్చుని నోరు తెరవకుండా చూడు.

ప్రశ్నల కోసం సబ్‌స్టేషన్‌కు పోయేటప్పుడు సోమవారం పోవద్దు. ఆ రోజు ఫిర్యాదుల రోజు, ఏఈ నీతో మాట్లాడే స్థితిలో ఉండడు. మంగళవారం పదకొండు దాటాక పో. ఆయన కంటే ముందు లైన్‌మన్‌తో మాట్లాడు. ఏ మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉందో కాగితం మీద ఒకటుంటుంది, ఆయన తలలో ఒకటుంటుంది. ఆ రెండో పట్టిక ముందుగా రాయించుకో.

- మీ పెదనాయన